ఎగువ గట్టుకు దారి

మా ఆయన రోడ్ల ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో షికారుకని తీసుకెళ్ళి, పార్కు గేటు బయటే నన్ను నిలబెట్టి, ఎదురుగా ఉన్న మలుపులో వాననీళ్ళు ఎటు పారతాయో, ఎటు పారాలో ఓపిగ్గా వివరించిన మనిషి. నేను చేతులు కట్టుకుని వింటూ మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్న రోజులవి.

ఆయనకు బదిలీ అయినప్పుడల్లా నాకూ అవుతుంది. కాకపోతే నాకు ఆర్డరు ఉండదు. పెళ్ళినాటికి నేను ఒక పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. పేరుకు టెక్నీషియన్నే గానీ, స్లైడు మీద ఏదైనా తేడాగా కనిపిస్తే డాక్టర్లు మెట్లు దిగి నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. "ఖచ్చితంగానా?" అని అడిగేవాళ్ళు. "ఖచ్చితంగా" అంటే ఇంక మాట్లాడకుండా మందు రాసేవాళ్ళు. మొదటి బదిలీతో ఒక ప్రైవేటు ల్యాబులో రెండో మనిషినయ్యాను. ఆ తర్వాతి ఊళ్ళో నర్సింగ్ హోమ్‌లో రిపోర్టులు టైపు చేశాను. ఇప్పుడు ఈ కొండ రోడ్డు పక్కన, ఒక చిన్న క్లినిక్‌లో జనం మోచేతికి రబ్బరు కట్టి, నరం దొరకబుచ్చుకుని, రక్తం తీసి, సీసాల మీద పేర్లు రాసి వ్యాను ఎక్కిస్తున్నాను. పరీక్ష చేసే భాగ్యం ఇంకెవరిదో.

"ఎక్కడైనా రక్తం రక్తమే కదా, నీకేం, తేలిక" అంటారు మా ఆయన. వెటకారంగా అనరు. నిజంగానే అలా అనుకుంటారు. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది. మాకు పిల్లలు లేరు. సామాను తక్కువ, బదిలీలు సుఖం అని ఆయన స్నేహితులు నా ఎదుటే అని నవ్వుతుంటారు. నేను వాళ్ళకు టీ ఇస్తాను.

అలాంటి రోజుల్లో నా పాత ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. ల్యాబు మొత్తానికి ఆవిడే పెద్ద. నన్ను పనిలో తిట్టి పెంచిన మనిషి.

"ఒసే, నెలాఖరుకి ఇన్‌చార్జి సీటు ఖాళీ అవుతోంది. నీకైతే కళ్ళు మూసుకుని ఇస్తాను. నాన్చకు. ఇక్కడ ఒకమ్మాయి రోజూ వచ్చి నా గుమ్మం పట్టుకుని నిలబడుతోంది" అంది.

"వస్తాను" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పోతే పోనీ అనుకున్నాను. ఆ బల్ల, దాని మీద సూక్ష్మదర్శిని, కిటికీలోంచి పడే వెలుతురు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎన్నేళ్ళ తర్వాతో నాకు ఆకలి వేసింది. అటక మీంచి ట్రంకు పెట్టె దింపి దుమ్ము దులిపాను.

మా ఆయన అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడం ఆయన పద్ధతి కాదు.

"బ్రహ్మాండం!" అన్నారు. "అయితే ఒక్క మాట విను. ఈ నెల్లోనే నా స్తంభాల ప్రారంభోత్సవం. అది సవ్యంగా జరిగిందంటే ప్రమోషన్ నా జేబులో ఉన్నట్టే. ప్రమోషన్ మీద ఏ ఊరు కావాలంటే ఆ ఊరు అడగొచ్చు. మీ ఊరే అడుగుతాను. ఇద్దరం దర్జాగా కలిసే పోదాం. ఈలోగా నువ్వొక్కదానివే ఉన్నపళంగా పోవడం, రెండు ఇళ్ళు, రెండు వంటలు, ఎందుకొచ్చిన గొడవ చెప్పు?"

నిజానికి అప్పుడే బస్సెక్కేయాల్సింది. కానీ నెలాఖరుకి ఇంకా గడువుంది. ఆయన చెప్పేది సబబుగానే ఉంది. ఆయన చెప్పేవన్నీ సబబుగానే ఉంటాయి.

స్తంభాల సంగతి చెప్పాలి. ఈ రోడ్డు కొండను అడ్డంగా కోసి వేసింది. ఒక పక్క ఎగువ గట్టు, దాని మీద పెద్ద పెద్ద చెట్లు. గట్టు జారిపోకుండా దాని ముందు నిలువెత్తుకు మించిన కాంక్రీటు గోడ కట్టారు, అరచెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగలదు, అంత నున్నగా. రెండో పక్క దిగువ, లోయలోకి దిగిపోయే చెట్లు, వాటి పక్కన మా క్వార్టర్స్. ఇదివరకు రోడ్డు ఇరుకుగా ఉండేది, రెండు వైపుల కొమ్మలూ నడినెత్తిన కలుసుకునేవి. వెడల్పు చేసేటప్పుడు ఆ కొమ్మలన్నీ పోయాయి. ఈ చెట్లలో ఎగిరే ఉడుతలున్నాయి, ఇంత ఖాళీ అవి దాటలేవు అని అడవి శాఖ వాళ్ళు కాగితం పెట్టారు. పని ఆగిపోయింది. అప్పుడు మా ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రోడ్డు మధ్యలో వరసగా కర్ర స్తంభాలు పాతితే ఉడుత చెట్టు మీంచి స్తంభం మీదికి, స్తంభం మీంచి అవతలి చెట్టు మీదికి దూకుతుంది. ఆలోచన మంచిదే, నేనేమీ కాదనను.

స్తంభాలు ఎక్కడినుంచో పొడవాటి లారీ మీద వచ్చాయి. మూడో మలుపు దగ్గర లారీ తిరగలేదు. వెనక బళ్ళన్నీ ఆగిపోయి హారన్లతో చెవులు చిల్లులు పడుతుంటే, మా ఆయన టేపు పట్టుకుని చూసి, అక్కడికక్కడే ప్రతి స్తంభాన్నీ మొదలు దగ్గర కోయించేశారు. ఆ ముక్కలు మా పెరట్లోనే పడేశారు. వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నాను.

తర్వాత పరీక్ష చేశారు. ఎగువ గట్టు మీద కూర్చుని, పైచెట్టు మీంచి ఒక ఉడుత స్తంభం మీద వాలడం, అక్కడినుంచి దిగువకు పోవడం చూసి చప్పట్లు కొట్టారు. కెమెరాలు కూడా ఎగువకు తిప్పే బిగించారు. అటునుంచి ఇటు వచ్చింది కాబట్టి ఇటునుంచి అటూ పోతుంది. జీవితమంతా రోడ్లు వేసినవాళ్ళు ఇంకోలా ఎందుకు ఆలోచిస్తారు? రోడ్డంటే రెండు వైపులా నడిచేదే కదా.

సాయంత్రాలు నాకు పనుండదు. మా ఆయన కొలతలకు వాడే దుర్భిణి ఒకటి మూడు కాళ్ళ మీద వరండాలో నిలబడి ఉంటుంది. పొద్దు వాలాక దాన్ని స్తంభాల వైపు తిప్పుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అడవి శాఖ కాపలాదారు కూడా ఆ వేళకు వచ్చి మా మెట్ల మీద కూర్చునేవాడు. పట్టపగలు కూడా మెడలో టార్చిలైటు వేలాడేసుకుని తిరుగుతాడని అందరూ అతన్ని టార్చి అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడడు.

ఎగిరే ఉడుత అంటారు గానీ అది ఎగరదు. పడుతుంది. పద్ధతిగా పడుతుంది. ముందు చెట్టు చిటారు కొమ్మ మీద కూర్చుని తలను పైకీ కిందికీ, ఆ పక్కకూ ఈ పక్కకూ ఊపుతుంది. దూరం అంచనా కట్టుకోవడానికట. పూర్తిగా నమ్మకం కుదిరాక కాళ్ళు దగ్గరికి లాక్కుని ఒక్క తన్ను తన్నుతుంది. గాల్లోకి వచ్చాక నాలుగు కాళ్ళూ చాపితే ముంజేతినుంచి వెనక కాలి మడమదాకా మడతబడి ఉన్న తోలు విచ్చుకుంటుంది. పిల్లికూనంత జంతువు చూస్తుండగానే పరిచిన తువ్వాలంత అయిపోతుంది. ఒక చెయ్యి కాస్త వంచితే అటు తిరుగుతుంది, తోకతో సర్దుకుంటుంది. చెట్టు దగ్గరపడగానే ఒంటిని నిలువుగా పైకెత్తుతుంది, వేగం చచ్చిపోతుంది, నాలుగు కాళ్ళతో మానును కరుచుకుంటుంది. మరుక్షణం మాను అవతలి పక్కకు పరిగెడుతుంది. వెనకాల గుడ్లగూబ వస్తుంటే దానికి ఉత్త బెరడు మాత్రమే మిగలాలని.

మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని ఉండిపోయాను. రోజూ చూడగా చూడగా ఇంకో సంగతి తెలిసింది. ఎక్కడ బయలుదేరుతుందో ఎప్పుడూ అంతకంటే కిందే వాలుతుంది. ప్రతి దూకుడుకీ ఎత్తు ఖర్చవుతుంది. ఆ ఎత్తు మళ్ళీ కావాలంటే గోళ్ళతో మాను పట్టుకుని ఎక్కాల్సిందే, గాలి ఇవ్వదు.

ల్యాబు కళ్ళు కదా, లెక్కపెట్టకుండా ఉండలేవు. ఒకరోజు టార్చిని అడిగాను.

"ఏమయ్యా, వచ్చేవే గానీ పోయేవి కనబడవేం?"

"పొద్దున్నే పోతాయేమోనమ్మా" అన్నాడు.

"నువ్వెప్పుడైనా చూశావా?"

నీళ్ళు నమిలాడు. "చూళ్ళేదమ్మా. కెమెరాలో మటుకు రోజూ పడతన్నాయి. సార్ సంతోషంగా ఉన్నారు గదా అని నేనూ సంతోషంగా ఉన్నా."

మర్నాడు తెల్లవారుతుండగా లేచి చూశాను. మరుసటి రోజూ చూశాను. దిగువ చెట్లు పళ్ళతో విరగకాశాయి, పైనున్న ఉడుతలన్నీ వాటికోసం దిగివస్తున్నాయి. తిరిగి పోవడానికి దిగువ చెట్టు మీంచి దూకి స్తంభం మొదలు దగ్గర వాలతాయి. స్తంభం కొసదాకా ఎక్కుతాయి. అక్కడినుంచి ఎగువ గట్టు చెట్లకేసి చూసి తల ఊపుతాయి, ఊపుతూనే ఉంటాయి. కొన్ని బుద్ధిగా వెనక్కి దిగిపోతాయి. దూకినవి మాత్రం చెట్టును అందుకోలేవు. కాంక్రీటు గోడకు కొట్టుకుంటాయి. గోళ్ళకు పట్టు చిక్కదు, గోడ పొడుగునా జారి రోడ్డు మీద పడతాయి. అప్పుడు నేలమీద దేకుతూ దిగువ చెట్లలోకి పారిపోతాయి, ఏ బండీ రాకపోతే.

వాటిలో ఒకదాన్ని గుర్తుపట్టగలిగాను. దాని తోక సగానికి తెగి ఉండేది. టార్చి దాన్ని మొండితోక అనేవాడు. దుర్భిణిలో చూస్తే పొట్ట మీద బొచ్చు రాలి చనుమొనలు బయటికి కనిపిస్తున్నాయి. పాలిచ్చే తల్లి.

"దీని తొర్ర పైనుందమ్మా, ఆ ఎండుమానులో. కింద నిలబడితే కూనల కిచకిచ వినబడుద్ది" అన్నాడు టార్చి.

మొండితోక ఆ సాయంత్రం స్తంభం ఎక్కి దూకింది, గోడకు కొట్టుకుని పడింది. లేచి వచ్చి మళ్ళీ దూకింది. చీకటి చిక్కబడి దుర్భిణిలో ఏమీ కనిపించకుండా పోయేదాకా దూకుతూనే ఉంది. అంతవరకూ నేనూ దుర్భిణి వదల్లేదు. దానిమీద జాలితోనే కాదు, అబద్ధమెందుకు. కిందికి రావడం ఇంత సుఖంగా ఎందుకుంటుందో, పైకి పోబోయేసరికి గోడ ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే చెప్పాను. "మీ స్తంభాలు పొట్టివి. వెనక్కి పోలేకపోతున్నాయి."

ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. చెప్పులు వరసగా పెట్టి, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నారు. "తెలుసు."

"తెలుసా!"

"ఇంజనీర్ని కదోయ్. కోయించిన రోజే అనుమానం వచ్చింది. తర్వాత లెక్కవేస్తే తేలింది. మళ్ళీ పొడుగు స్తంభాలు తెప్పించాలంటే మలుపు వెడల్పు చేయాలి, దానికి మళ్ళీ అనుమతులు. ప్రారంభోత్సవం ఆగిపోతుంది. ప్రమోషన్ లిస్టులో నా పేరు ఎగిరిపోతుంది. ఆ తర్వాత మీ ఊరూ లేదు, నీ కుర్చీ లేదు. కావాలంటే చెప్పు, రేపే రాసిపడేస్తాను."

తడి తువ్వాలు ఆయన చేతిలోంచి తీసుకుని దండెం మీద వేశాను.

"ఒక్క నెల నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నా తర్వాత వచ్చేవాడు ఏదో ఒకటి చేసుకుంటాడు. నీకోసమే చెబుతున్నాను" అన్నారు. నాకోసమే అన్న మాట ఆయన నోట వచ్చినప్పుడల్లా నేను ఒక మెట్టు దిగాను. ఈసారి మాత్రం ఆ మాటలో నాకు నిజంగానే లాభం కనిపించింది. అది ఇంకా అసహ్యంగా ఉంది.

నోరు మూసుకోవడానికి నేనూ ప్రయత్నించాను. నోరు మూసుకుని చేయగలిగింది ఏదైనా ఉందా అని ఆలోచించి, టార్చి చేత ఒక పొడవాటి వెదురు తెప్పించాను. ఇద్దరం కలిసి దాన్ని గోడకు ఆనించి, గట్టు మీది వేరుకు తాడుతో కట్టాం. రోడ్డు మీద పడ్డ ఉడుత దాన్ని పట్టుకుని పైకి పాకొచ్చు. పని తేలిగ్గా అయిపోయింది. మేమిద్దరం చంకలు గుద్దుకున్నంత పని చేశాం. టార్చి అయితే, "అమ్మా, మీరు ఇంజనీరైతే పోయేది" అన్నాడు.

మర్నాడు క్లినిక్ నుంచి వచ్చేసరికి వెదురు లేదు. ప్రారంభోత్సవానికి మా ఆయన పైఅధికారి పెద్దసారు రాబోతున్నారని రోడ్డు కూలీలు గోడకు సున్నం కొడుతున్నారు. అడ్డంగా ఉందని పీకేశారట. ఎవరు పీకమన్నారని అడిగాను.

"ఇంజనీరు గారేనమ్మా" అన్నాడు మేస్త్రీ. "మీరు కట్టించారని కూడా చెప్పాం. అయినా పీకేయమన్నారు."

ఆ సాయంత్రం మొండితోక వచ్చింది. తడి సున్నం మీద జారిన గీతలు పడ్డాయి. తర్వాత రెండు మూడు రోజులు కూడా వచ్చింది. ఆ తర్వాత టార్చి వచ్చి మెట్ల మీద కూర్చుని, చాలాసేపు టార్చిలైటు బొత్తాం వేస్తూ తీస్తూ ఉండిపోయాడు.

"ఎండుమాను కింద నిలబడి వచ్చానమ్మా" అన్నాడు చివరికి. "చప్పుడు లేదు."

లోపలికి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. ఏడవడం కూడా మా ఆయనకు ఇబ్బంది కలగకుండా చేయడం అలవాటైపోయింది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. నా కుర్చీ ఆ కూనల మీద నడిచి వెళ్ళి కూర్చునేదైతే నాకు వద్దనుకున్నాను. పైగా నిజం చెప్పినంత మాత్రాన కుర్చీ ఎందుకు పోతుంది, నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి కూర్చోలేనా అని కూడా అనుకున్నాను. ట్రంకులో చీరలు సర్దడం మొదలుపెట్టాను.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, పళ్ళేల్లో బిస్కెట్లు, గుడ్డ కప్పిన బోర్డు. ఆఫీసర్ల భార్యలకు రెండో వరస. పెద్దసారు సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. అందరికీ నమస్కారం పెట్టి, టీ ఇచ్చిన మనిషికి కూడా థాంక్స్ చెప్పాడు. చూడగానే నాకు నమ్మకం కుదిరింది. మా ఆయన మైకు ముందు నిలబడి, కెమెరాలో రోజూ ఎన్ని దాటుతున్నాయో చెప్పి, "ఈ రోడ్డు మనుషులకే కాదు, మూగజీవాలకు కూడా" అన్నారు. చప్పట్లు మోగాయి. గుడ్డ లాగితే బోర్డు మీద 'ఎగిరే ఉడుతల వంతెన' అని ఉంది.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, దాటుతున్నమాట నిజమే. కానీ ఒకవైపే దాటుతున్నాయి. పైనుంచి కిందికి. కిందినుంచి పైకి ఒక్కటి కూడా పోలేదు. స్తంభాలు కోసేశారు, పొట్టివైపోయాయి. గోడకు కొట్టుకుని పడిపోతున్నాయి. నేను రోజూ చూస్తున్నాను."

షామియానాలో ఎవరో దగ్గారు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు..." అన్నాడు పెద్దసారు.

"ఇంజనీరు గారి భార్యని."

వెనక వరసల్లో నవ్వులు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. "కూర్చోండమ్మా. చాలా ముఖ్యమైన మాట చెప్పారు" అని, టార్చిని పిలిపించాడు. "ఆవిడ చెప్పింది నిజమేనా?"

టార్చి నావైపు చూశాడు, మా ఆయనవైపు చూశాడు, తన చెప్పులవైపు చూసుకున్నాడు. "నిజమే సార్."

"అయితే ఇప్పుడు ఎగువ గట్టు మీద ఉడుతలు లేవన్నమాట?"

"దిగినవి దిగినట్టే సార్. ఇప్పుడు పైన ఏవీ కనబడతం లేదు."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నన్నే అడిగాడు. "ఖచ్చితంగానా అమ్మా?"

ఎన్నేళ్ళయింది నన్ను ఆ మాట అడిగి! వెన్ను నిటారుగా అయింది. "ఖచ్చితంగా సార్" అన్నాను. అతను తల ఊపి, పక్కనున్న గుమాస్తాతో ఏదో రాసుకోమన్నాడు. గెలిచాననుకున్నాను. బిస్కెట్టు కూడా తిన్నాను.

ఆ తర్వాత మా ఆయన నాతో మాట్లాడటం మానేశారు. పళ్ళెం ముందు పెడితే తిని లేచిపోయేవారు. అంత ప్రశాంతంగా ఆ ఇంట్లో నేను ఎప్పుడూ లేను. నెలాఖరుకి ఇంకా కొద్దిరోజులే ఉంది. క్లినిక్‌లో మానేస్తున్నానని చెప్పేశాను. బస్సు టైములు కనుక్కున్నాను. పొడుగు స్తంభాల కోసం మలుపు కొలవడానికి మనుషులు వస్తారని రోజూ వరండాలోంచి చూసేదాన్ని. నిజంగానే వచ్చారు. టేపులు పట్టుకుని, ఎర్ర రంగు డబ్బాలు పట్టుకుని. మలుపు దగ్గర ఆగలేదు, ఎగువ గట్టు ఎక్కారు. స్తంభం మీంచి ఏ చెట్టు అందుతుందో చూస్తున్నారు కాబోలనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన చేతిలో కేకు పెట్టెతో వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఏమోయ్, నీ నోరు ఊరికే పోలేదు!" అన్నారు. అన్నాళ్ళ మౌనం ఎక్కడికి పోయిందో. "ముందు నిన్ను చంపేద్దామన్నంత కోపం వచ్చిన మాట నిజం. కానీ పెద్దసారు బుర్రే బుర్ర. అడవి శాఖ వాళ్ళు ఎగువ గట్టు మీద చెయ్యి వేయనివ్వకుండా ఇన్నాళ్ళు ఎందుకు ఆపారు? అక్కడ ఉడుతలున్నాయనే కదా! ఇప్పుడు లేవని అందరిముందు తేలిపోయింది. టార్చిగాడి చేత సంతకం కూడా పెట్టించారు. చెట్లు కొట్టడానికి అనుమతి వచ్చేసింది. గట్టు తవ్వి రోడ్డును ఇంకా రెండు వరసలు పెంచుతారు. పని మొత్తం నాకే! ప్రమోషన్ ఇక్కడే ఇచ్చేశారు. మూడేళ్ళు కదలక్కర్లేదు. బదిలీలు బదిలీలని ఏడిచేదానివి కదా, ఇంక హాయిగా ఉండు."

ఎర్ర రంగు దేనికో అప్పుడు అర్థమైంది. "చెట్లు కొట్టేస్తారా? పైకి పోవడానికి దారి చేయమని కదా నేను చెప్పింది!"

"పైన చెట్లే లేనప్పుడు పోవాల్సిన అవసరమేముంది? ఇంక గోడకు కొట్టుకోవు కూడా. నీ బాధ కూడా తీరిపోయింది" అన్నారు, కేకు పెట్టె దారం విప్పుతూ. అందులో కుళ్ళు లేదు. లెక్క సరిపోయింది, అంతే. "బోర్డు కూడా మారుస్తారట. 'ఉడుతల తరలింపు కేంద్రం' అని."

"నేను ఎల్లుండి వెళ్ళిపోతున్నాను" అన్నాను. "మీరు ఇక్కడే ఉండండి. నా ఉద్యోగానికి నేను పోతాను."

"అదే చెప్పబోతున్నాను. మీ డాక్టరమ్మకి మధ్యాహ్నమే ఫోన్ చేసి నువ్వు రావడం లేదని చెప్పేశానోయ్. మూడేళ్ళ మాట కదా, పాపం, ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని ఆపుతుంది? మంచి మనిషి. ఒక్క మాట కూడా అనలేదు."

ఫోన్ తీసుకుని పెరట్లోకి పరిగెత్తాను. డాక్టరమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

"నేను చెప్పమనలేదు. నేను వస్తున్నాను" అన్నాను, ఊపిరి అందక.

"నువ్వే సిగ్గుపడి ఆయన చేత చెప్పించావనుకున్నానే. ఆ పిల్లని సాయంత్రమే పిలిచి ఆర్డరు చేతికిచ్చేశాను. నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఎలా లాక్కోను చెప్పు? నాతో ఒక్కసారి నువ్వు మాట్లాడి ఉండాల్సిందే" అంది. తర్వాత తిట్టింది, నన్ను, మా ఆయన్ని, తనని. ఆ తర్వాత గొంతు మార్చి, "నేను వచ్చే నెల రిటైరవుతున్నాను, ఆరోగ్యం జాగ్రత్త" అంది.

లోపలికి వచ్చాను. మా ఆయన కేకు రెండు ముక్కలు కోసి, పెద్దది నా పళ్ళెంలో పెట్టారు. ఆ పళ్ళేన్ని గోడకేసి కొట్టాను. పింగాణీ ముక్కలు ఆయన కాళ్ళ దాకా వెళ్ళాయి. ఆయన బిత్తరపోయి కాళ్ళు కుర్చీ మీదికి తీసుకున్నారు.

"ఏమైందిప్పుడు?"

"ఇంకెప్పుడూ నా తరఫున ఎవరికీ ఫోన్ చేయకండి. ఎవరికీ. అర్థమైందా?" అని అరిచాను. ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు.

ఆయన నా మొహంలోకి చూశారు. నిజంగా అర్థంకాని మనిషి చూసే చూపు. అడిగిన దానికి సమాధానం చెప్పడం ఆయన పద్ధతి కనుక కాసేపు ఆలోచించారు కూడా.

"ఎవరికి చేస్తానోయ్?" అన్నారు. "నిన్ను పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు?"

నేనూ ఆలోచించాను. ప్రైవేటు ల్యాబు, నర్సింగ్ హోమ్, మొన్న నేనే మానేసిన క్లినిక్, అన్నీ వరసగా తలుచుకున్నాను. ఎవరూ లేరు.